రేడియో అండమాన్ అనలేదు

కార్తీకం వచ్చిందంటే మా అమ్మ చెవి రేడియో దగ్గరే ఉండేది. ఆమెకు పాటలు అక్కర్లేదు, రాజకీయాలు అక్కర్లేదు. వార్తల చివర వాతావరణం చెప్పే కాసేపట్లో అండమాన్ అనే మాట వినపడుతుందా లేదా అన్నదొక్కటే కావాలి. వినపడితే చేతిలో పని వదిలేసి లేచేది. బియ్యం, పప్పులు అటక ఎక్కించేది. ఊళ్ళో లేనివాళ్ళందరికీ ఫోన్ చేయించి ఇంటికి రమ్మనేది. అన్నీ అయ్యాక కొట్టంలోకి పోయి గేదెల మెడల్లోంచి పలుపులు తీసేసేది. గుంజ నుంచి విప్పి వదలడం కాదు. మెడలో తాడన్నది లేకుండా తీసి, గోడకున్న మేకుకు తగిలించేది.

ఆమె పుట్టింది రేపల్లె అవతల, వాకిట్లో నిలబడితే సముద్రం హోరు వినపడే ఊళ్ళో. డెబ్బై ఏడు ఉప్పెన నాటికి పెళ్ళీడు పిల్ల. వాళ్ళమ్మా, చెల్లెలూ ఆ నీళ్ళలో పోయారు. చెల్లెలు దొరకనే లేదు. నీళ్ళు తీశాక తుమ్మచెట్లకు చిక్కుకుని చచ్చిన గొడ్లను చూసిందట. ప్రతి గొడ్డు మెడలోనూ పలుపు, ఆ పలుపు చెట్టుకు చుట్టుకుని ఉంది. "తాడు లేకపోతే ఈదేయి. గొడ్డుకు ఈత ఎవరూ నేర్పక్కర్లా," అనేది. వాయుగుండం అండమాన్ దగ్గర పుట్టిందని రేడియోలో ముందుగానే చెప్పారట. మా తాతయ్య, అండమాన్ ఏడ మనమేడ అన్నాడట. ఆ మాట అన్నందుకో ఏమో, మిగిలిన కూతురికి సముద్రం కనపడని ఊరు వెతికి, నూజెండ్ల దగ్గర మా ఊళ్ళో మా నాన్నకిచ్చి చేశాడు. పెళ్ళిచూపులనాడు ఆస్తి సంగతి అడక్కుండా సముద్రం ఎంత దూరమని అడిగాడని మా నాయనమ్మ నవ్వుతూ చెప్పేది.

మొదట్లో ఊరు కూడా నవ్వింది. పలుపుల్లేని గేదెలు వీధుల్లో తిరిగి ఎవరి దొడ్లోనో పడి మేస్తుంటే తగాదాలకు వచ్చారు. తర్వాత ఒకటి రెండు తుఫాన్లు అమ్మ అనుకున్నట్టే రావడంతో నవ్వడం మానేశారు. ఆదిలక్ష్మమ్మకు తెలుస్తదిలే అనడం మొదలుపెట్టారు. పత్తి తీతకు పోవాలన్నా, మిరప తోటకు మందు కొట్టాలన్నా, మబ్బు పడితే చాలు, మా అరుగు దగ్గరకు వచ్చి అడిగి పోయేవాళ్ళు. అందరికంటే ముందు వచ్చేది సారమ్మ.

సారమ్మ పత్తి తీసే ఆడవాళ్ళ ముఠాకు పెద్ద. ఆమె భర్త రాజారత్నం వాగు అవతల మా పొలంలో సగం కౌలుకు చేసేవాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ మనిషి మా ఇంట్లో ఉన్నట్టే. ఆయన్ను బాబాయ్ అనేవాణ్ణి. ఆదివారం పొద్దున తెల్ల చొక్కా వేసుకుని చర్చికి పోతూ మా వాకిట్లో ఆగి, "ఒరేయ్ కోటయ్యా, మీ స్వామికి ఏమన్నా చెప్పాలా, మా ప్రభువు ద్వారా పంపిస్తా," అని ఎగతాళి చేసేవాడు. నా పేరు త్రికోటేశ్వరరావు. కోటప్పకొండ స్వామి పేరు. కార్తీక సోమవారాలు నేను కొండకు పోకుండా ఉన్న ఏడాది లేదు.

ఇదంతా జరిగిన ఏడు మా ఇంట్లో ఒక ముల్లు ఉంది. మా అమ్మాయి కీర్తి అంతకు ముందు ఏడు విశాఖపట్నం పోయి సముద్రాల చదువులో చేరింది. చేరేదాకా అమ్మకు చెప్పలేదు. తెలిసిన రోజు అమ్మ అన్నం తినలేదు. తర్వాత మనవరాలితో మాట్లాడటం మానేసింది. కీర్తి ఫోన్ చేస్తే మా ఆవిడ స్పీకర్ పెట్టేది. అమ్మ లేచి దొడ్లోకి పోయేది.

కార్తీకం సగంలో మబ్బు పట్టింది. శనివారం సాయంత్రం సారమ్మ వచ్చి అరుగు మీద ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుని, ఎప్పుడూ అడిగే మాటే అడిగింది.

"ఏంది అక్కా, పోవచ్చా?"

వాగు అవతల పత్తి విచ్చి తెల్లగా ఉంది. తడిస్తే మచ్చ పడుతుంది. ఆదివారం వాళ్ళు పనికి పోరు. సోమవారం మొత్తం ముఠాను దింపితే తీసెయ్యొచ్చు. అదీ ఆమె అడిగేది.

అమ్మ ఆలోచించలేదు. "పోండి. రేడియో అండమాన్ అనలా. ఇది మన ఒడ్డు పక్కనే పుట్టిందంట. అంత దగ్గర పుట్టిందానికి పెరగటానికి టైమేదే? నడక రాకముందే ఒడ్డుకు తగిలి పోయిద్ది. చినుకులు పడతయ్యి, అంతే."

మాట సబబుగానే ఉంది. సముద్రం మీద రోజుల తరబడి తిరిగి బలిసిన తుఫానునే ఆమె ఎరుగును. నాకూ అదే తెలుసు.

సారమ్మ కొడుకు అనిల్ కుమార్ ట్రాక్టర్ తోలుతాడు. వాడు ఫోన్ తెచ్చి అమ్మకు చూపించాడు. "ఇందులో ఎర్రగా చూపిస్తంది మామ్మా."

"అది పచ్చగా చూపించింది ఎప్పుడురా?" అంది అమ్మ. అందరూ నవ్వారు. నిజమే, ప్రతి మబ్బుకూ ఆ ఫోన్లు కుయ్యికుయ్యిమంటూనే ఉంటాయి.

గేటు దగ్గర చుట్ట కాలుస్తున్న రాజారత్నం అడిగాడు. "అయితే వాగు అవతల గేదెలకు పలుపులు ఉంచేదా, తీసేదా అక్కా?"

"ఉంచు. పోయినేడు తీస్తే నీ మిరపనారు మేసినయ్యని నెల్లాళ్ళు నా మీద పడి ఏడ్చావుగా."

"నారు నాది, గేదెలు నీయి. ఏడుపన్నా నాకుండనీ."

ఆయన నవ్వుతూనే పోయాడు. ఒట్టిపోయిన గేదెలు రెండింటిని ఆ కాలంలో పొలంలోనే ఉంచేవాళ్ళం. అక్కడ మా పాక ఎత్తుగా, మెరక మీద ఉంది. గేదెల్ని మాత్రం కింద, వాగు గట్టు పక్కన పచ్చిగడ్డి ఉన్నచోట కట్టేసేవాళ్ళు.

సోమవారం తెల్లవారుతూనే నేనూ మా ఆవిడా కొండకు బయల్దేరాం. దారంతా సన్నగా తుంపర. కొండ మీద జనం తక్కువ. మా ఆవిడ దీపం వెలిగిస్తే ఆరిపోతోంది. కొంగు అడ్డం పెట్టి మళ్ళీ వెలిగించింది. కాకి వాలని కొండ అంటారు మా స్వామి కొండను. ఎందుకో తల ఎత్తి చూశాను. కాకి లేదు. ఉండాల్సినవన్నీ ఉన్నట్టే ఉన్నాయి, లేనివి లేవు. అందరూ చల్లగా ఉండాలని దణ్ణం పెట్టుకుని దిగాం.

నరసరావుపేటలో బస్సు ఎక్కేటప్పటికి తుంపర వాన అయింది. వినుకొండ దాటాక అద్దాల్లోంచి ఏమీ కనపడలేదు. ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళ. అప్పటికే అనిల్ ఆడవాళ్ళందర్నీ ట్రాక్టర్ మీద దాటించి తెచ్చేశాడు. వాగు దాటే చప్టా మీదకు మోకాలి లోతు నీళ్ళు వచ్చాయట. ట్రాక్టర్ వెనక ట్రక్కు మనుషులతోనే నిండిపోయింది. తీసిన పత్తి పాకలో కుప్ప పోసి ఉంది. పాక మీద పట్టా కప్పి, నాలుగు పక్కలా కట్టి నడిచి వస్తానని రాజారత్నం ఆగాడు. వాన జోరుగా ఉంటే పాకలోనే పడుకుని పొద్దున వస్తానన్నాడట. అదేమీ కొత్త కాదు. వానాకాలంలో ఆయన అక్కడ పడుకున్న రాత్రులు బోలెడు. ఫోన్ చేస్తే పలకలేదు. తడవకుండా ఏ డబ్బాలోనో పెట్టి ఉంటాడని సారమ్మే అంది.

గాలి లేదు. అమ్మ చెప్పింది నిజమే. ఒక్క ఆకు కూడా ఎగరలేదు. వాన మాత్రం నిలువుగా, ఆగకుండా, కుండలతో పోసినట్టు పోసింది. మా ఊళ్ళో కంటే ఎగువన, కొండల మీద ఎక్కువ పోసిందని తర్వాత తెలిసింది. ఆ రాత్రి అమ్మ పడుకోలేదు. నేను పడుకున్నాను.

పొద్దున వాగు దగ్గరకు పోయేసరికి చప్టా లేదు. చప్టా ఉన్నచోట ఎర్రటి నీళ్ళు వేగంగా పోతున్నాయి. అవతల మెరక మీద మా పాక కప్పు కనపడుతోంది, దాని మీద నీలం పట్టా కూడా. అది చూసి అందరికీ ప్రాణం లేచివచ్చింది. అనిల్ చేతులు నోటికి అడ్డం పెట్టుకుని నాన్నా అని పిలిచాడు. నీళ్ళ చప్పుడులో వాడి గొంతు మాకే సరిగా వినపడలేదు. పాకలోంచి ఎవరూ బయటకు రాలేదు. నిద్రపోతున్నాడేమో అని ఎవరో అన్నారు. ఆ మాటను ఎవరూ కాదనలేదు.

అప్పుడు అమ్మ వచ్చింది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆమె ఆ వాగు గట్టుకు రావడం నేను చూడలేదు. నీళ్ళు ఎండిపోయిన ఎండాకాలంలో కూడా రాలేదు. వచ్చి సారమ్మ పక్కన నిలబడింది. నీళ్ళ వైపు చూడలేదు. పాక వైపే చూస్తోంది.

కాసేపటికి దిగువన తాటిచెట్ల మధ్య నుంచి గేదెలు వచ్చాయి. మావే, రెండూ. ఒంటి నిండా బురద, ఒకదానికి తొడ మీద గీరుకుపోయింది. వాగు ఈది ఎక్కడో గట్టెక్కి, ఇంటి దారి పట్టాయి. జనం ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టారు. గొడ్లే దాటాయంటే మనిషికేం భయం, దిగువ ఊళ్ళో ఎక్కడో గట్టెక్కి ఉంటాడు అన్నారు. అనిల్ నవ్వాడు కూడా.

అమ్మ ముందు గేదె దగ్గరకు పోయింది. మెడ మీద చెయ్యి వేసింది. బురద తుడిచింది. గొంతు కింద నుంచి రెండో వైపుకు చెయ్యి పోనిచ్చి మెడ చుట్టూ తడిమింది. తర్వాత రెండో గేదె దగ్గరకు పోయి అలాగే తడిమింది.

"తీశాడు," అంది.

తెగిన తాడైతే మెడలో మొదలు ఉంటుంది. గుంజ ఊడి వస్తే తాడు వెంట గుంజ వస్తుంది. ఆ రెండు మెడల్లో ఏమీ లేదు. వాగు పొంగి గట్టు మీదకు వచ్చాక ఎవరో మెరక మీద నుంచి కిందకు దిగి, ఒక్కో ముడీ విప్పి, మెడల్లోంచి పూర్తిగా తీశారు. అలా తీసే అలవాటు ఆ చుట్టుపక్కల ఒక్క మా ఇంటిదే.

సారమ్మ గేదె మెడ వైపు చూసింది. అమ్మ చెయ్యి వైపు చూసింది. ఆ తర్వాత పాక వైపు చూడటం మానేసి దిగువకు నడవడం మొదలుపెట్టింది.

నీళ్ళు తీశాక దొరికాడు. తుమ్మపొదల్లో ఉన్నాడు. పాకలో పత్తి కుప్ప పొడిగా ఉంది. పట్టా నాలుగు మూలలా గట్టిగా కట్టి ఉంది. కుప్ప పక్కన ఆయన చెప్పులు, అగ్గిపెట్టె, ఒక డబ్బాలో ఫోన్ ఉన్నాయి. మెరక దిగకుండా ఉంటే ఆయన కాలి వేలు కూడా తడిచేది కాదు.

సమాధుల దొడ్డికి ఊరు మొత్తం వచ్చింది. పాస్టరు గారు ప్రార్థన చేస్తుంటే నేను చేతులు ఎలా పెట్టుకోవాలో తెలియక, గుళ్ళో పెట్టుకున్నట్టే పెట్టుకున్నాను. అమ్మ కంచె బయటే నిలబడిపోయింది. మట్టి వెయ్యడానికి రమ్మని ఎవరో పిలిస్తే కదల్లేదు. అంతా అయిపోయి బయటకు వస్తూ అనిల్ ఆమె ముందు ఆగాడు. కోపంగా కూడా అనలేదు.

"ఈసారి రేడియో అండమాన్ అనలేదంటగా మామ్మా," అన్నాడు.

సారమ్మ పక్కనే ఉంది. కొడుకును ఆపలేదు.

ఆ మర్నాడు మా దొడ్డి గోడ మీద ఒక పిట్ట వాలింది. తెల్లటిది, నెత్తి నల్లన, తోక చీలి ఉంది. మా ఊళ్ళో అలాంటిది ఎవరమూ చూడలేదు. కొంగ కాదు, పావురం కాదు. మా ఆవిడ అదిలించబోతే అమ్మ చెయ్యి పట్టుకుంది.

"అదిలించమాక. అది మా ఊరి పిట్ట."

గాలి తుఫానులో సముద్రపు పిట్టలు దారి తప్పి లోపలి ఊళ్ళకు వస్తాయని కీర్తి తర్వాత చెప్పింది. గాలే లేని తుఫానులో ఇది ఎలా వచ్చిందని అడిగితే, పైన ఎక్కడో ఉండే ఉంటుంది నాన్నా, మనకు తెలియలేదు అంది. ఆ రోజు అమ్మ గిన్నెలో నీళ్ళు పోసి, అందులో చిటికెడు ఉప్పు వేసి కలిపి గోడ కింద పెట్టింది. పిట్ట తాగలేదు. తూర్పుకు మొహం పెట్టి మధ్యాహ్నం దాకా కూర్చుంది. మేం అన్నాలు తిని వచ్చేసరికి లేదు. ఎటు పోయిందో ఎవరూ చూడలేదు. ఆ గిన్నె మాత్రం చాలా రోజులు అక్కడే ఉంది. అమ్మ తియ్యలేదు, మేమూ తియ్యలేదు. నీళ్ళు ఎండి, అడుగున తెల్లటి పొర మిగిలింది.

కీర్తి వచ్చింది. వచ్చిన రోజు నాయనమ్మ ఎదుట పడటానికి భయపడి వంటింట్లోనే తిరిగింది. సాయంత్రం అమ్మే పిలిచింది. ఏడాది తర్వాత మనవరాలితో ఆమె అన్న మొదటి మాట అది.

"ఏమే, ఇట్రా. అది ఏడ పుట్టిందో చూపించు."

కీర్తి తన కంప్యూటర్ తెచ్చి అరుగు మీద పెట్టింది. బంగాళాఖాతం బొమ్మ వచ్చింది. అమ్మ కళ్ళజోడు సవరించుకుని దగ్గరగా వంగింది. తనను పుట్టెడు దుఃఖంలో ముంచిన నీళ్ళను ఆమె అలా పైనుంచి చూడటం అదే మొదటిసారి.

"ఇదిగో నాయనమ్మా, అండమాన్. డెబ్బై ఏడుది ఈ దిక్కునే పుట్టింది."

అమ్మ అక్కడ వేలు పెట్టి, మెల్లిగా మా ఒడ్డు దాకా జరిపింది. చాలాసేపు పట్టింది.

"మొన్నటిది?"

కీర్తి చూపించింది. అమ్మ అక్కడ వేలు పెడితే ఆ చోటూ, ఒడ్డూ రెండూ వేలి కిందే పడ్డాయి. జరపడానికి ఏమీ లేదు. వేలు తీసి చీర చెంగుకు తుడుచుకుంది.

"అంటే, ఆడ పుట్టేయి ఇప్పుడు ఈడ పుడతన్నయ్యా?"

"అట్లా చెప్పలేం నాయనమ్మా. దగ్గర్లో పుట్టేయి అప్పుడూ ఉన్నయ్యి, నువ్వు వినలేదేమో. కానీ ప్రపంచం మొత్తం మీద చానా ఏళ్ళ లెక్క తీస్తే, తుఫాన్లు పుట్టే చోట్లు జరుగుతున్నయ్యి. ఒక్కో సముద్రంలో ఒక్కో పక్కకు. మన సముద్రంలో ఎటు అనేది మా సార్లే ఇంకా వాదించుకుంటన్నారు. ఒక్క తుఫానును చూసి ఇందువల్లే అని చెప్పలేం."

"జరగటం ఏందే? సముద్రం ఉన్నచోటే ఉందిగా."

"సముద్రం ఉంది. దాంట్లో వేడి ఉన్నచోట ఉండట్లేదు."

అమ్మ చాలాసేపు ఆ బొమ్మనే చూసింది. కీర్తి గొంతు తగ్గించి, తనక్కూడా ఇది ఇంత నీళ్ళు పోస్తుందని తెలియదని, తెలిస్తే ఫోన్ చేసి ఉండేదాన్నని చెప్పింది. అమ్మ ఆ మాట పట్టించుకోలేదు.

"అండమాన్ అంటే లేచేదాన్ని. ఇంక నేను ఏ మాట కోసం వినాలి?"

కీర్తి నా వైపు చూసింది.

"ఒక్క మాట చెప్పవే. ఇన్నేళ్ళు దాంతోనే బతికా. దాని బదులు ఇంకోటి చెప్పు, అది వింటా."

"ఒక్క మాట లేదు నాయనమ్మా. ప్రతిసారీ మొత్తం వినాలి."

అమ్మ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. కీర్తి తల మీద చెయ్యి వేసి ఒకసారి నిమిరింది. ఆ చదువు మానెయ్యమని ఆ రోజు అనలేదు, ఆ తర్వాతా అనలేదు. కీర్తి విశాఖ పోయేటప్పుడు మాత్రం, హాస్టలు ఎన్నో అంతస్తులో ఉందని అడిగింది.

కార్తీకంలో మిగిలిన సోమవారం నేను కొండకు పోయాను. మా ఆవిడ రానంది. ఒక్కణ్ణే మెట్లెక్కాను. స్వామి ఎదుట నిలబడితే ఎప్పుడూ వచ్చే మాటలు రాలేదు. అందరూ చల్లగా ఉండాలని క్రితం సారి అడిగాను కదా అని మాత్రం అన్నాను. నిలదీయడానికి కాదు. అందరిలో రాజారత్నం ఉన్నాడా, మెరక దిగిన ఆ క్షణంలో ఆయన ఎవరి పేరు తలుచుకున్నాడు, ఆ పేరుకూ ఈ పేరుకూ మధ్య ఏమన్నా దూరం ఉందా, ఇవి తెలుసుకోవాలనిపించింది. మా కొండ ఉన్నచోటే ఉంది. దాన్ని పట్టుకునే మేమందరం బతుకుతున్నాం. అమ్మ కూడా ఒక మాటను అలాగే పట్టుకుంది కదా అనుకుంటూ పక్కనున్న స్తంభానికి ఆనుకున్నాను. పూజారి తీర్థం ఇస్తూ ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. బాగానే ఉంది స్వామీ అన్నాను.

కార్తీకం వెళ్ళిపోయింది. మార్గశిరంలో ఎండలు బాగా కాశాయి. తడిసిన చేలు తేరుకుని రెండో కాపు పత్తి విచ్చింది. సారమ్మ మా వీధిలోకి రావడం మానేసింది. ముఠాను వేరేవాళ్ళ చేలకు తీసుకుపోతోందని విన్నాం. అనిల్ ట్రాక్టర్ మా ఇంటి ముందు నుంచి పోతే ఇదివరకులా హారన్ మోగేది కాదు. అమ్మ రేడియో పెట్టేది కానీ, ముందులా పక్కన కూర్చునేది కాదు. గది అవతలి మూల కూర్చుని వినేది.

ఒక పొద్దున రేడియో అండమాన్ అంది.

అండమాన్ సముద్రంలో అల్పపీడనం, బలపడి వాయుగుండంగా మారే అవకాశం. చెప్పిన గొంతు మామూలుగానే చెప్పింది. మా ఆవిడ చేతిలో చేట ఆగిపోయింది. నేను చొక్కా తొడుక్కుంటూ ఆగాను. ఇద్దరం అమ్మ లేస్తుందని చూశాం. అటక మీదకు నిచ్చెన వెయ్యడానికి నేను సిద్ధంగానే ఉన్నాను.

అమ్మ లేవలేదు. వార్తలు పూర్తయ్యేదాకా, ఆ తర్వాత వచ్చిన పాట అయ్యేదాకా అలాగే కూర్చుంది. తర్వాత బయటకు వచ్చి అరుగు మీద కూర్చుంది. ఆకాశంలో మబ్బు తునక లేదు.

గేటు చప్పుడైంది. సారమ్మ వచ్చింది. మనిషి సగమైంది. వచ్చి, అరుగు మీద ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది. వీధిలో ముఠా ఆడవాళ్ళు పత్తి వేసుకునే ఒడి సంచులు కట్టుకుని నిలబడి ఉన్నారు. వాగు అవతల మా పత్తి తియ్యడానికి వాళ్ళను ఆమే పిలుచుకు వచ్చిందని అప్పుడు అర్థమైంది.

"ఏంది అక్కా, పోవచ్చా?" అంది సారమ్మ.

అమ్మ ఆమె మొహంలోకి చూడలేకపోయింది. "నాకు తెలవదే."

సారమ్మ వీధిలో ఆడవాళ్ళ వైపు ఒకసారి తిరిగి చూసింది.

"నన్ను అడగమాక సారమ్మా. ఇంకెప్పుడూ అడగమాక. నాకు తెలవదు."

"ఆయన నీ మాట విని పోయాడక్కా," అంది సారమ్మ. గొంతు మామూలుగానే ఉంది. "నీ మాట గుర్తొచ్చే మెరక దిగాడు. రెండూ నీ మాటలే. ఏది ఉంచుకోను, ఏది పారెయ్యను? పగలూ రాత్రీ ఇదే ఆలోచిస్తన్నా. నీకేమన్నా తెలిసిద్దేమోనని వచ్చా."

అమ్మ తల అడ్డంగా ఊపింది.

సారమ్మ లేచింది. వెళ్ళిపోతుందనుకున్నాను. ఇంటి పక్క నుంచి కొట్టంలోకి పోయింది. నేను వెనకే పోయాను. ఒక్కో గేదె దగ్గరా ఆగి, ముడి విప్పి, మెడలోంచి పలుపు తీసింది. ఆ రోజు వాగు ఈది వచ్చిన రెంటికీ మేం కొత్తవి వేశాం. వాటి ముళ్ళు గట్టిగా ఉన్నాయి. నేను సాయం పోతే చేత్తో నెట్టేసింది. అన్నీ తీసి గోడకున్న మేకుకు తగిలించి, చేతులు కడుక్కుని, తిరిగి వచ్చి అమ్మ పక్కన కూర్చుంది.

వీధిలో ఆడవాళ్ళు అది చూశారు. ఒకామె ఒడి సంచి ముడి విప్పుకుంది. ఒక్కొక్కరే ఇళ్ళకు మళ్ళారు.

ఆ రోజంతా ఎండ కాసింది. మర్నాడూ కాసింది. ఆ వాయుగుండం సముద్రంలోనే ఎటో తిరిగి పోయిందని కీర్తి ఫోన్ చేసి చెప్పింది. నేను ఆ మాట చెప్పడానికి బయటకు వచ్చేసరికి సారమ్మ ఆ రోజు కూడా వచ్చి కూర్చుని ఉంది. చెప్పాను. ఇద్దరూ విన్నారు. ఎవరూ లేవలేదు. వాగు అవతల విచ్చిన పత్తి విచ్చినట్టే ఉంది. మా అరుగు మీద ఇద్దరు ముసలమ్మలు ఎండలో కూర్చుని తూర్పు వైపు చూస్తున్నారు. మెడలో పలుపు లేని గేదె ఒకటి వీధంతా తిరిగి వచ్చి, వాళ్ళ కాళ్ళ ముందు పడుకుని నెమరు వేస్తోంది. నేను కొట్టంలోకి పోయి మేకు నుంచి ఒక తాడు తీశాను. కాసేపు చేతిలో ఉంచుకుని, మళ్ళీ అక్కడే తగిలించాను.